నూకరత్నం నోట రాని మాట

నూకరత్నం ఉద్యోగం ఒక మాట అననందుకు పోయింది. ఆ మాటకు అర్థం చెప్పినవాణ్ణి నేనే. అందుకే జరిగిందంతా చెప్పాల్సిన బాధ్యత కూడా నాదే అనుకుంటాను.

నా పేరు శంకరరావు. దుర్గ్ పక్కనున్న ఉక్కు ప్లాంటు స్టోర్సులో ముప్పై నాలుగేళ్ళు చేసి రిటైరయ్యాను. రిసాలిలో ఉంటున్నాను. ఇంట్లో ఊరికే కూర్చోలేక, ఇండస్ట్రియల్ ఏరియాలో లక్ష్మీప్రసాద్ అనే ఆయన నడిపే చిన్న రోలింగ్ మిల్లులో టైమ్ ఆఫీసు పనికి చేరాను. పొద్దున గేటు దగ్గర పాసులు ఇవ్వడం, సాయంత్రం తీసుకోవడం, స్టోరు గది తాళంచెవి జేబులో పెట్టుకోవడం నా పని. మిల్లంటే రేకుల షెడ్డు, ఒక కొలిమి, వరసగా నాలుగైదు రోలింగ్ స్టాండ్లు. ఇనుప దిమ్మలు ఎర్రగా కాలి ఒక కొసన లోపలికి వెళ్తే, రెండో కొసన స్లాబులకు వాడే సరియా కడ్డీలై వస్తాయి. కడ్డీల చివర్లు కోసి పడేస్తారు. ఆ ముక్కలు పైకి నల్లబడినట్టు కనిపిస్తాయి గానీ లోపల నిప్పే. వాటిని పట్టకారుతో ఏరి తొట్టిలో వేసే పని ఆడవాళ్ళది. నూకరత్నం పదకొండేళ్ళు అదే పని చేసింది.

నలభై ఏడేళ్ళ మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. చీర మీద భర్త పాత చొక్కా తొడుక్కుని, నెత్తికి తువ్వాలు చుట్టుకుని పనిలోకి వచ్చేది. భర్త బాలు సుపేలా నుంచి పవర్ హౌస్ బజారు దాకా ఆటో తిప్పుతాడు. ఆమె తల్లిదండ్రులు టెక్కలి వైపు నుంచి ప్లాంటు కట్టుబడి పనులకు వచ్చి కూలీల క్యాంపులో గుడిసె వేసుకున్నవాళ్ళు. ఆమె పుట్టింది అక్కడే. ఎనిమిదో తరగతి దాకా హిందీలో చదివింది. తెలుగు మాట్లాడటమే తప్ప, చదవాలంటే అక్షరం అక్షరం కూడబలుక్కోవాలి.

ఆమె స్వభావం ఒకటే, అడగడం. డాక్టరు మాత్ర రాస్తే ఇందులో ఏముంది అని అడుగుతుంది. బస్సు ఆగితే ఎందుకు ఆగింది అని దిగి మరీ కనుక్కుంటుంది. మిల్లులో హిందీవాళ్ళు ఆమెను 'క్యోం దీదీ' అని పిలిచేవారు, ప్రతిదానికీ ఎందుకు అని అడిగే అక్క అని. ఆ పేరుకు ఆమె కోపం తెచ్చుకునేది కాదు.

లక్ష్మీప్రసాద్ కూడా ఆ క్యాంపులోనే పుట్టాడు. అతని తల్లి అప్పయమ్మ, నూకరత్నం తల్లి ఒకే ముఠాలో తట్టలు మోశారు. పిల్లలిద్దరూ ఒకే వయసు. రైలు పట్టాల పక్కన వ్యాగన్ల నుంచి రాలిపడిన బొగ్గు ఏరుకొచ్చి ఇంటికి తెచ్చేవారు. అతను తర్వాత తుక్కు వ్యాపారంలో దిగాడు, లారీలు కొన్నాడు, ఈ షెడ్డు కొన్నాడు, పక్క షెడ్డు కొన్నాడు, నెహ్రూ నగర్‌లో మూడంతస్తుల ఇల్లు కట్టాడు. ఎదగడం తప్పని నేను అనను. అయితే ఎదిగినకొద్దీ అతని పేరు మారిపోయింది. ప్రసాద్, తర్వాత ప్రసాద్ బాబు, తర్వాత లక్ష్మీప్రసాద్ జీ, చివరికి పేరే లేకుండా ఉత్త సేఠ్ జీ. పొద్దున తెల్ల కారు గేటులోకి రాగానే నలభైమందీ లేచి నిలబడి "రామ్ రామ్ సేఠ్ జీ" అనాలి. నేనూ అనేవాణ్ణి. నూకరత్నం కూడా అనేది, అందరితోపాటు.

ఇక బూట్ల సంగతి చెప్పాలి. ఇది చెప్పడానికి నాకే సిగ్గు.

స్టోరు గదిలో ఇరవై జతల సేఫ్టీ బూట్లు ఉండేవి. ముందువైపు ఇనుప రేకు ఉన్న గట్టి తోలు బూట్లు, అట్టపెట్టెలతో సహా కొత్తవే. ప్లాంటులో నాకు ఏటేటా ఒక జత ఇచ్చేవారు. నేను కూర్చుని రాసుకునేవాణ్ణి, అయినా ఇచ్చేవారు. ఇక్కడ నిప్పు ముక్కల మధ్య తిరిగే ఆడవాళ్ళు రబ్బరు చెప్పులతో తిరిగేవారు. సర్కారు తనిఖీ బండి గేటు ముందు ఆగగానే మేనేజరు నాకు ఫోన్ చేసేవాడు. వచ్చినవాళ్ళకు ఆఫీసులో టీ ఇచ్చేలోపు నేను గది తెరిచి బూట్లు పంచాలి. వాళ్ళు వెళ్ళిపోయాక వెనక్కి తీసుకుని, గుడ్డతో తుడిచి, పెట్టెల్లో సర్దాలి. మూడేళ్ళలో నాలుగుసార్లు నా చేతులతో నేనే చేశాను. ఎందుకిలా అని నూకరత్నం నన్ను ఒకసారి అడిగింది. సేఠ్ జీ ఆర్డరమ్మా అని ఊరుకున్నాను.

పోయిన ఏడాది మే నెలలో ఒక మధ్యాహ్నం, కన్నమ్మ పట్టకారులోంచి ఒక ముక్క జారి కాలి మీద పడింది. కన్నమ్మకు ముప్పై ఏళ్ళు ఉంటాయి. నూకరత్నమే ఆమెను పనిలో పెట్టించింది. రబ్బరు చెప్పు కరిగి చర్మానికి అంటుకుపోయింది. ఆ వాసన నాకు టైమ్ ఆఫీసు దాకా వచ్చింది. నూకరత్నం ఆమెను ఎత్తుకుని బకెట్టు నీళ్ళలో కాలు పెట్టించింది. బాలుకు ఫోన్ చేసి ఆటో రప్పించి ఆస్పత్రికి తీసుకెళ్ళింది. ఆ సాయంత్రం మిల్లు ఆగలేదు. మర్నాడూ ఆగలేదు. మేనేజరు ఒకసారి ఆస్పత్రికి వెళ్ళి, కన్నమ్మ అజాగ్రత్తగా పనిచేసిందని ఒక కాగితం మీద వేలిముద్ర వేయించుకుని వచ్చాడు.

రెండు వారాల తర్వాత ఒక రోజు టీ వేళ నూకరత్నం నా గది ముందు మెట్టు మీద కూర్చుంది. నాకు మాటల పిచ్చి ఉందని అందరికీ తెలుసు. ఫుట్‌పాత్ మీద కొన్న లావుపాటి నిఘంటువు ఒకటి నా బల్ల మీదే ఉండేది. ఏ మాట ఎక్కడ పుట్టిందో ఎవరైనా అడిగితే నాకు పండగ.

"బాబాయ్, సేఠ్ అంటే ఏటి?" అని అడిగింది.

డబ్బున్నవాడు అని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోవాల్సింది. నేను ఊరుకోలేదు. కళ్ళజోడు సవరించుకుని పాఠం మొదలుపెట్టాను. సంస్కృతంలో శ్రేష్ఠ అనే మాట ఉందమ్మా, అందరిలోకీ ఉత్తమమైనది అని దాని అర్థం అన్నాను. దాన్నుంచి శ్రేష్ఠి వచ్చింది. పూర్వం ఒకే వృత్తి చేసేవాళ్ళు, ఒకే సరుకు అమ్మేవాళ్ళు సంఘాలుగా ఉండేవారు, ఆ సంఘానికి పెద్దను శ్రేష్ఠి అనేవారు, తనవాళ్ళ మంచిచెడ్డలు చూసుకోవడం, వాళ్ళ తరఫున రాజు దగ్గర మాట్లాడటం అతని వంతు అని చెప్పాను. ఆ మాట జనం నోళ్ళలో నలిగి సెట్ఠి అయింది. ఉత్తరాన సేఠ్ అయింది, మన తెలుగులో సెట్టి అయింది. పెద్దరికం ఉన్నచోటే డబ్బూ చేరింది కాబట్టి రానురాను డబ్బున్నవాడు అనే అర్థమే మిగిలిపోయిందన్నాను.

నాకు చాలా తృప్తిగా అనిపించింది. ఆమె ముఖం చూశాక ఆ తృప్తి పోయింది. టీ గ్లాసు మెట్టు మీద పెట్టేసింది.

"అందరికన్నా మంచోడు అనా?" అంది.

మొదట అలాగే ఉండేదమ్మా అన్నాను.

"ఇన్నాళ్ళూ నాను డబ్బున్నోడా, డబ్బున్నోడా అని పిలుత్తన్నాననుకున్నాను బాబాయ్. అది నిజమే కదా, తప్పేటుంది అనుకున్నాను. రోజూ పొద్దున్నే ఆడి ముందు నిలబడి, నువ్వు మా అందరికన్నా మంచోడివి అంటన్నానా? కన్నమ్మ కాలు కాలిన మర్నాడు కూడా అన్నానా?"

ఇప్పుడు ఎవరూ ఆ అర్థంతో అనరు అని సర్దిచెప్పబోయాను. ఆమె వినలేదు. టీ పూర్తిగా తాగకుండానే లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు కారు వచ్చింది. నలభైమంది గొంతులు లేచాయి. నూకరత్నం నిలబడింది గానీ నోరు విప్పలేదు. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. ముందు వరసలో నిలబడి, కారు వైపే చూస్తూ, పెదవులు బిగించి. మేనేజరు గమనించాడు. నాలుగో రోజు లక్ష్మీప్రసాద్ కారు దిగి ఆమె ముందుకు వచ్చాడు. షెడ్డులో అతను తెలుగు మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు.

"ఏటి రత్నం, మాట పడిపోనాదేటి?" అని నవ్వుతూ అడిగాడు.

"పడిపోనేదు పెసాదూ. ఆ ఒక్క మాటే రాటం నేదు."

ఆ పేరు విని చుట్టూ ఉన్న తెలుగువాళ్ళు తలలు దించుకున్నారు. అతని నవ్వు పోలేదు గానీ కళ్ళు మారాయి. పని వేళ పేచీలేమిటని, వెళ్ళి పని చూసుకోమని అన్నాడు. ఆమె కదల్లేదు.

"కన్నమ్మ ఆస్పత్రిలో పడి పద్దెనిమిది రోజులైనాది. నువ్వు ఒక్కపాలి ఎల్లి సూసినావా? ఆ గదిలో ఇరవై జతల బూట్లున్నాయి. తాళమేసి ఉన్నాయి. సేఠ్ అంటే తనోళ్ళ కోసం ముందు నిలబడే పెద్ద అట. అందరిలోకీ మంచోడట. నువ్వు ఆ తలుపు తియ్యి. బూట్లు మా కాళ్ళకి ఎయ్యి. రోజుకి వందసార్లు అంటాను ఆ మాట. అందాకా నువ్వు నాకు పెసాదువే. నాతో బొగ్గేరిన పెసాదువే."

ఎవరు చెప్పారు నీకు ఇదంతా అని అతను అడగలేదు. నా గది కిటికీ వైపు చూశాడు, అంతే. నా బల్ల మీద నిఘంటువు తెరిచే ఉంది. తర్వాత మేనేజరు వైపు తిరిగి, దీని పాస్ తీసుకోమని హిందీలో చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు. అవతల రోలింగ్ స్టాండ్లు తిరుగుతూనే ఉన్నాయి.

పాసులు తీసుకునే మనిషిని నేను. మేనేజరు నా వైపు వేలు చూపించాడు. నేను లేచి వెళ్ళి నూకరత్నం ముందు చెయ్యి చాచాను. ఆమె మెడలోంచి పాసు తీసి నా చేతిలో పెట్టింది. నన్ను తిట్టలేదు. నా ముఖంలోకి సూటిగా చూసింది. ఆ క్షణం లక్ష్మీప్రసాద్ మీద వచ్చిన కోపం కన్నా నా చెయ్యి మీద నాకు వచ్చిన కోపం ఎక్కువ. అయినా ఆ చేత్తోనే పాసును సొరుగులో పెట్టి తాళం వేశాను.

తర్వాతి సంగతులు బాలు చెప్పగా తెలిశాయి. ఆమె ముందు నెహ్రూ నగర్ వెళ్ళింది, అప్పయమ్మ దగ్గరికి. డెబ్బై ఆరేళ్ళ ముసలావిడ ఆమెను చూసి సంతోషించింది, పక్కన కూర్చోబెట్టుకుంది, ఆమె తల్లిని తలచుకుని కళ్ళు తుడుచుకుంది. నూకరత్నం కన్నమ్మ కాలు సంగతి చెప్పింది. బూట్ల సంగతి చెప్పింది. నీ కొడుక్కి ఒక్క మాట చెప్పమని అడిగింది. మిల్లు సంగతులు తన దగ్గర ఎత్తరని, ఎత్తినా తన మాట సాగదని అప్పయమ్మ అందట. లోపలికి వెళ్ళి ఒక పెద్ద సంచీతో తిరిగి వచ్చింది. అందులో కోడలు వాడి వదిలేసిన చెప్పులున్నాయి. పూసలు కుట్టినవి, ఎత్తు మడమలవి, ఏడెనిమిది జతలు. మీ ఆడపిల్లలందరికీ పంచిపెట్టు తల్లీ అంది.

ఆవిడ ఆ మాట మంచి మనసుతోనే అందని నూకరత్నం ఇప్పటికీ అంటుంది. నాకైతే అదే ఎక్కువ మండుతుంది. ఒకప్పుడు తట్ట మోసిన ఆ మనిషికే, నిప్పు మీద నడిచే కాలికి ఏది కావాలో ఆ ఇంట్లో ఉండి ఉండి తెలియకుండా పోయింది. నూకరత్నం సంచీ గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీ పక్కన పెట్టేసి వచ్చేసింది.

ఆ మర్నాడు ఆమె బాలు ఆటోలో దుర్గ్ వెళ్ళింది. ఫ్యాక్టరీలు తనిఖీ చేసే ఆఫీసు ఎక్కడో నలుగురిని అడిగి కనుక్కుంది. ఎనిమిదో తరగతి హిందీతో ఒక పేజీ ఫిర్యాదు తనే రాసింది. బల్ల దగ్గరున్న గుమాస్తా చదివి, మీ సేఠ్ పేరు పూర్తిగా రాయమన్నాడట. సేఠ్ ఎవరూ లేరు, మిల్లు లక్ష్మీప్రసాద్‌ది, ఆ పేరు రాశాను చూడండి అందట. ఫిర్యాదు తీసుకున్న కాగితం ఇమ్మని అడిగి, ఇచ్చేదాకా కుర్చీలోంచి లేవలేదు. తర్వాత మూడుసార్లు వెళ్ళింది. వెళ్ళిన ప్రతిసారీ ఎందుకు ఆలస్యమవుతోందని అడిగింది.

సెప్టెంబరులో తనిఖీ బండి వచ్చింది. మేనేజరు ఫోన్ చేశాడు. నేను గది తెరిచాను, పెట్టెలు విప్పాను, బూట్లు పంచాను. అలవాటైన పని కదా, చేతులు వాటంతటవే కదిలాయి. ఈసారి వచ్చిన అధికారిణి టీ వద్దని నేరుగా షెడ్డులోకి నడిచింది. ఒకావిడ ఇంకా కింద కూర్చుని లేసులు కట్టుకుంటోంది. కట్టడం రాక ముడి మీద ముడి వేస్తోంది. అధికారిణి ఆమె దగ్గర ఆగి, ఇవి రోజూ వేసుకుంటారా అని అడిగింది. ఆమె మేనేజరు వైపు చూసి అవునన్నట్టు "జీ" అంది. పక్కనున్నవాళ్ళూ "జీ" అన్నారు. బూట్లు ఎవరి దగ్గర ఉంటాయని అధికారిణి అడిగింది. నా దగ్గరే అన్నాను. రోజూ ఇస్తారా అంది.

లక్ష్మీప్రసాద్ అక్కడే ఉన్నాడు. నాకు అరవై మూడేళ్ళు, పింఛను వస్తుంది, ఈ ఉద్యోగం పోతే కొంప మునగదు. ఆ లెక్క మే నెలలోనే నాకు ఎందుకు తోచలేదో నాకు తెలియదు.

ఇవ్వను మేడమ్ అన్నాను. మీ బండి గేటు దగ్గర ఆగినప్పుడు ఇస్తాను, మీరు వెళ్ళగానే తీసుకుంటాను, మూడేళ్ళలో ఇది ఐదోసారి అన్నాను. కన్నమ్మ కాలు కాలిన రోజున కూడా ఇవి గదిలోనే ఉన్నాయని, తాళంచెవి నా జేబులో ఉందని చెప్పాను. ఆమె అన్నీ రాసుకుని నా సంతకం తీసుకుంది.

ఆ సాయంత్రమే నన్ను రేపటి నుంచి రావద్దన్నారు. నేను నిఘంటువు చంకలో పెట్టుకుని నేరుగా నూకరత్నం ఇంటికి వెళ్ళాను. మెచ్చుకుంటుందని ఆశపడ్డాననే చెప్పాలి. ఆమె మంచినీళ్ళు ఇచ్చింది, అంతా విన్నది.

"మంచి పని సేసినావు. మరి మూడేళ్ళూ తాళంచెవి నీ కాడే ఉండీది కదా బాబాయ్" అంది.

ఆమె జవాబు కోసం ఆగలేదు. లోపలికి వెళ్ళి నాకూ ఒక కంచం పెట్టింది.

మిల్లుకు నోటీసులు వచ్చాయి, కేసు నడుస్తోంది. బూట్లు ఇప్పుడు గదిలో లేవు, ఆడవాళ్ళ కాళ్ళకే ఉన్నాయి. చేతులకు తోలు తొడుగులు కూడా వచ్చాయి. కన్నమ్మకు ఎడమ కాలి వేళ్ళు రెండు తీసేశారు. ఆమెను మళ్ళీ పనిలోకి తీసుకుని, కూర్చుని చేసే పని ఇచ్చారు. పొద్దున కారు రాగానే కన్నమ్మ బల్ల పట్టుకుని లేచి నిలబడి "రామ్ రామ్ సేఠ్ జీ" అంటుందని విన్నప్పుడు నూకరత్నం ఏమంటుందోనని భయపడ్డాను. దాని ఇద్దరు పిల్లలూ దాని మీదే ఆధారపడి ఉన్నారు, అననీ అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె చేతిలో చీపురు ఉంది. వాకిలి ఊడ్చిందే మళ్ళీ ఊడ్చింది.

నూకరత్నాన్ని మాత్రం తిరిగి పిలవలేదు. తీసేసిన కారణం అడిగితే క్రమశిక్షణ లేదని రాసి ఇచ్చారు. చుట్టుపక్కల షెడ్లలోనూ ఎవరూ తీసుకోలేదు. మూడు నెలలు తిరిగాక రిసాలిలో పార్కుల మొక్కలకు నీళ్ళు పోసే పని దొరికింది. ఎండలో పైపు లాక్కుంటూ తిరుగుతుంది. అక్కడా కాంట్రాక్టరును అందరూ సేఠ్ అనే పిలుస్తారు. ఆమె ఒక్కతే పేరు పెట్టి, చివర గారు చేర్చి పిలుస్తుంది. అతను మొదట్లో చిరాకు పడ్డాడు గానీ తర్వాత ఊరుకున్నాడు.

పోయిన వారం ఆమె సుపేలాలో రోడ్డు దాటుతుండగా సిగ్నల్ దగ్గర తెల్ల కారు ఆగి ఉంది. కిటికీ అద్దం దిగింది. లక్ష్మీప్రసాద్ లోపలి నుంచి, బాగున్నావా రత్నం అని అడిగాడట. మెత్తగానే అడిగాడట. ఆమె కారు దగ్గరికి వెళ్ళి వంగింది.

"కన్నమ్మకి రెండు వేళ్ళు నేవు పెసాదూ. ఎడమ కాలికి. నువ్వు సూసినావా ఎప్పుడైనా?"

అతను ఏదో అనబోయేలోపు వెనక బస్సు హారను కొట్టింది. అద్దం పైకి వెళ్ళింది, కారు కదిలింది. ఈ సంగతి పార్కులో మొక్కలకు నీళ్ళు పోస్తూ నాకు చెబుతున్నప్పుడు ఆమె గొంతు మొదట మామూలుగానే ఉంది. కొంతసేపటికి, అద్దం ఎక్కించేశాడు బాబాయ్, ఔననీ అనలేదు, కాదనీ అనలేదు అని పైపు కింద పడేసింది. నీళ్ళు మొక్కల్లోకి పోకుండా దారి మీదికి పారుతున్నా చాలాసేపు తీయలేదు.